మే నెలలో హిమాచల్: పిల్లలు నడవాలి, అత్తయ్య కూడా రావాలి. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మియాపూర్_అమ్మ

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ హిమాచల్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పాపకు పదమూడేళ్లు, బాబుకు ఎనిమిది, మా అత్తయ్యకు అరవై ఆరు.

ఒక ఏజెంట్ ప్యాకేజీ పంపించారు. ఆరు రాత్రుల్లో సిమ్లా, కులు, మనాలి, రోహ్‌తంగ్, మణికరణ్, ధర్మశాల. మ్యాప్ పెట్టుకుని చూస్తే పగలంతా కారులోనే గడిచిపోతుంది. కారు దిగడం, ఫోటో తీసుకోవడం, మళ్లీ ఎక్కడం. నాకు అది వద్దు. పిల్లలు ఏడాదంతా అపార్ట్‌మెంటు, స్కూలు బస్సు, ఫోను తప్ప ఏమీ చూడలేదు. వాళ్లు కాళ్లు నొప్పెట్టేలా నడవాలి, రాళ్లెక్కాలి, రాత్రి ఎనిమిదింటికల్లా ఒళ్లెరక్కుండా నిద్రపోవాలి. అత్తయ్యను హోటల్ గదిలో కూర్చోబెట్టి మేం తిరిగి రావడం కూడా నాకు ఇష్టం లేదు. ఆవిడకు బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. మొన్నమొన్నటి దాకా అలిపిరి నుంచి కాలినడకనే కొండకు వెళ్లేవారు.

మే మొదట్లో వెళ్లాలా, చివర్లోనా? ఏ ఊళ్లో ఉండాలి? పిల్లలకు మంచు చూడాలని కోరిక. తొమ్మిది పది రోజులు పెట్టుకోగలం.

నల్లమల_నడక

మీరు సగం జవాబు మీరే రాసుకున్నారండి. ఆ ప్యాకేజీ పక్కన పెట్టేయండి.

కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో చూడాలి. మన దగ్గర వంద కిలోమీటర్లంటే గంటన్నర. అక్కడ ఘాట్ రోడ్డు మీద అదే దూరానికి నాలుగు గంటలు పట్టొచ్చు, సీజన్ ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. ఆరు ఊళ్లు తిరిగితే పిల్లలకు గుర్తుండేది వాంతుల కవర్లే.

నా మాట ఒకటే. ఒక లోయను ఎంచుకోండి. అక్కడే నాలుగైదు రోజులు దిగండి. పొద్దున లేచి ఇంటి గుమ్మంలోంచే నడక మొదలుపెట్టగలిగే చోటు అయి ఉండాలి. మొదటి రోజు పిల్లలకు అంతా కొత్త. రెండో రోజు దారులు తెలుస్తాయి. మూడో రోజుకి ఆ ఊరి పిల్లలతో ఆడుకుంటారు, మీకంటే ముందు పరిగెడతారు. ఆ మూడో రోజు కోసమే వెళ్లాలి. చోటు మార్చేవాళ్లకి అది ఎప్పటికీ రాదు.

మీ ఇంట్లో ఉన్న వయసులకు నేనైతే తీర్థన్ లోయ, జీభీ వైపు చెబుతాను. కులు జిల్లాలోనే, బంజార్ దగ్గర. మనాలి అంత రద్దీ ఉండదు. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ అక్కడే. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

కొండాపూర్_కుర్రాడు

మనాలి వెళ్లకుండా హిమాచల్ ట్రిప్ ఏంటి అన్నా? మంచు ఎక్కడ చూస్తారు? పిల్లలు అడిగేది అదే కదా. రోహ్‌తంగ్ వెళ్తే మే నెలలో కూడా రోడ్డు పక్కన మంచు గోడలు ఉంటాయి.

చండీగఢ్_తెలుగోడు

ఉద్యోగం పేరుతో ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది, ఈ దారులన్నీ తిరిగినవే. రెండింటికీ చోటుంది, తగువు అక్కర్లేదు.

ముందు నెల సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఢిల్లీ బడుల సెలవులు మే రెండో వారం దాటాక మొదలవుతాయి. ఆ తర్వాత ఢిల్లీ, పంజాబ్, హర్యానా మొత్తం మనాలి రోడ్డు మీదే ఉంటుంది. మన పిల్లలకు ముందే సెలవులు రావడం మీకు కలిసొచ్చే విషయం. మే మొదటి వారంలో బయలుదేరి పదిహేనో తేదీలోపు తిరిగి వచ్చేయండి. గదులు దొరుకుతాయి, రోడ్లు ఖాళీగా ఉంటాయి, మంచు కూడా అప్పటికి ఇంకా కరిగిపోదు. శని, ఆదివారాలు మాత్రం రోడ్డు మీద లేకుండా చూసుకోండి.

జూలై, ఆగస్టుల వైపు అసలు చూడొద్దు. 2023 జూలై వరదల్లో కులు, మనాలి రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో టీవీలో చూసే ఉంటారు.

ప్రయాణం: హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు నేరుగా విమానం ఉంది. రైలైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి శతాబ్దిలో చండీగఢ్. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటిలా నూట ఇరవై కాదు. 2024 నవంబరు నుంచి మారింది. తేదీ రాసిపెట్టుకోండి, మేకి మార్చిలోనే టికెట్లు అయిపోతాయి.

చండీగఢ్‌లో ఒక రాత్రి పడుకుని తెల్లవారుజామున కారెక్కండి. కీరత్‌పూర్ నుంచి కొత్త నాలుగు వరుసల రోడ్డు, సొరంగాలు వచ్చాక మండీ దాకా ప్రయాణం చాలా తేలికైంది. ఔట్ అనే ఊరి దగ్గర సొరంగం వస్తుంది, మనాలి బళ్లన్నీ నేరుగా లోపలికి వెళ్తాయి, మీరు సొరంగంలోకి వెళ్లకుండా బంజార్ వైపు తిరగాలి. సాయంత్రానికి జీభీలో ఉంటారు. ఢిల్లీ నుంచి రాత్రి వోల్వో బస్సు మీకు వద్దు. నిద్ర లేని పిల్లలతో, పెద్దావిడతో మొదటి రోజంతా పోతుంది.

ఊరి_గాలి

అంత దూరం ఎందుకండీ, పెద్దావిడను పెట్టుకుని? మన అరకు ఉంది, హార్స్‌లీ హిల్స్ ఉంది. లేదంటే ఊటీ, కొడైకెనాల్. రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా దిగుతారు.

వాల్తేరు_వాసి

అరకు మా ఇంటి వెనక పెరడు అనుకుంటాను, ఆ లోయ అంటే ప్రాణం. అందుకే చెబుతున్నా, మే నెలలో రావొద్దు. అరకు ఎత్తు వెయ్యి మీటర్లు కూడా ఉండదు, మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, జలపాతాలు సన్నగా కారుతుంటాయి. అరకును నవంబరు నుంచి జనవరి మధ్య చూడాలి. పిల్లలను నడిపించాలంటే ఆ నెలల్లోనే నడిపించాలి.

ఊటీ చల్లగానే ఉంటుంది, నిజం. మెట్టుపాళయం నుంచి పోయే పళ్ల చక్రాల రైలు పిల్లలు తప్పక ఎక్కాల్సిందే. కానీ మే నెల అక్కడ పూల ప్రదర్శనల సీజను, జనం బాగా ఎక్కువ. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు సొంత బళ్లకు ఈ-పాస్ కూడా పెట్టారు. పోయేవాళ్లు ముందే తీసుకోవాలి.

మియాపూర్_అమ్మ

అందరికీ ధన్యవాదాలు. తీర్థన్ వైపు మొగ్గు ఉంది. కానీ ఎత్తు గురించి టెన్షన్. మా ఆడపడుచు వాళ్లు లేహ్ వెళ్లి మొదటి రాత్రే తలనొప్పి, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. బాబుకి, అత్తయ్యకి ఏమీ కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కెళ్లాలా?

పిల్లల_డాక్టర్_గుంటూరు

అమ్మా, ముందు ఒక తేడా చెబుతాను. లేహ్ దాదాపు 3500 మీటర్లు. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో అక్కడ దిగుతారు, ఒంటికి అలవాటు పడే సమయమే ఉండదు. అందుకే అక్కడ మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోమంటారు. మీరు అనుకుంటున్న జీభీ 1800 మీటర్ల ప్రాంతం. ఆ ఎత్తులో నిద్రపోతే ఇబ్బంది రావడం అరుదు.

ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది. పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. మూడు వేల మీటర్ల పైన అయితే పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదు. జలోరి కనుమ 3120 మీటర్లు. జీభీ నుంచి పగలు పైకి వెళ్లి, నాలుగు గంటలు నడిచి, సాయంత్రానికి దిగి వచ్చేస్తే సరిపోతుంది. చేరిన మర్నాడే వద్దు. రెండు రోజులు లోయలో తిరిగాక వెళ్లండి.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి లక్షణాలు. ఎనిమిదేళ్ల పిల్లాడు తలనొప్పి అని సరిగ్గా చెప్పలేకపోవచ్చు. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి చిరాకు పడినా, తిండి వద్దన్నా, ఓ మూల కూర్చుండిపోయినా పైకి వెళ్లడం ఆపి కిందికి దించండి. కిందికి దిగడాన్ని మించిన మందు లేదు. నడుస్తూ తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే అది ప్రమాదం. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రయినా సరే దిగి ఆసుపత్రికి పోవాల్సిందే.

డబ్బాల ఆక్సిజన్ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పైగా అది ఉందిలే అన్న ధైర్యంతో జనం దిగాల్సినప్పుడు దిగరు. ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్ర గురించి అందరూ చెబుతుంటారు. మీ ప్లాన్‌లో దాని అవసరం కనిపించడం లేదు. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కూడా, ఎవరో చెప్పారని మింగకండి.

అత్తయ్య గారిని బయలుదేరే ముందు ఆవిడ డాక్టరు దగ్గరకు ఒకసారి తీసుకెళ్లండి. బీపీ మందులు ప్రయాణం రోజులకంటే ఎక్కువే పెట్టుకుని, సగం మీ చేతి సంచిలో ఉంచండి. లగేజీ ఎక్కడో తప్పిపోతే మందులూ పోకూడదు.

ఘాట్ రోడ్డులో వాంతుల మందు పిల్లల బరువును బట్టి ఇవ్వాలి, మీ డాక్టరు చేత రాయించుకోండి. బాబుకి కారులో ఫోను మాత్రం ఇవ్వకండి. మలుపుల్లో తెర చూస్తూ కూర్చుంటే వాంతి తప్పదు.

ఓరుగల్లు_టీచర్

డాక్టరు గారు చెప్పినదానికి ఒక సైన్సు మాట కలుపుతాను, పిల్లలకు కూడా చెప్పొచ్చు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైచిలుకు. అక్కడ నలభై ఉంటే జలోరి ఎత్తులో లెక్క ప్రకారం ఇరవై మూడు. గాలి వీస్తే, మబ్బు కమ్మితే ఇంకా తక్కువ. చలిగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకూడదు. అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతాయి. టోపీ, చలవ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ పిల్లలకు తప్పనిసరి.

ఇంకో విషయం, మనవాళ్లకు బాగా అక్కరకొచ్చేది. మూడు వేల మీటర్ల దగ్గర నీళ్లు తొంభై డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపటికీ పలుకు పోదు. ఎలక్ట్రిక్ కుక్కరు మోసుకెళ్లడం కంటే హోమ్‌స్టే వాళ్ల ప్రెషర్ కుక్కరు అడగండి. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి ఉంటే అత్తయ్య గారికి ఇల్లు గుర్తుకు రాదు. పచ్చడి సీసా చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి.

సిద్ధిపేట_సైకిల్

అక్కా, ప్రయాణానికి ముందు నెల రోజులు ఏం చేస్తున్నారో అదే అసలు ప్లాను. అక్కడికెళ్లి నడవడం మొదలుపెడితే రెండో రోజు అందరికీ పిక్కలు పట్టేస్తాయి.

లిఫ్ట్ మానేయండి. రోజూ సాయంత్రం అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగండి. పిల్లాడి చేత వాడి సంచి వాడే మోయించండి, మొదట ఖాళీగా, తర్వాత నీళ్ల సీసాతో. ఆదివారం పొద్దున్నే గోల్కొండ కోట పైదాకా, మరో వారం భువనగిరి కోట. భువనగిరి రాయి ఎక్కేటప్పుడు పాపకు మాలావత్ పూర్ణ సంగతి చెప్పండి. నిజామాబాద్ జిల్లా గిరిజన తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ ఆ రాతి మీదే ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పుడు ఆమెకు పదమూడేళ్లు, మీ పాప వయసే.

బూట్లు ఇప్పుడే కొనండి. కొత్త బూట్లతో కొండెక్కితే మడమలు బొబ్బలెక్కుతాయి. వేళ్ల ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి, దిగేటప్పుడు గోళ్లు ముందుకు తగులుతాయి. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. లోపల వేసుకునేవి నూలు బట్టలు వద్దు. చెమటకు, వానకు తడిస్తే ఆరవు, ఒళ్లు చల్లబడుతుంది. ఆటల దుకాణాల్లో దొరికే పాలిస్టర్ టీషర్టులు చాలు, దాని మీద పల్చటి ఉన్ని, పైన వాన కోటు. లావుపాటి జాకెట్ ఒక్కటి కంటే మూడు పల్చటి పొరలు మేలు.

అత్తయ్య గారికి ట్రెకింగ్ కర్రలు రెండు కొనండి. ఎక్కడం కన్నా దిగడంలోనే మోకాళ్ల మీద బరువు పడుతుంది.

మియాపూర్_అమ్మ

తమ్ముడూ, పూర్ణ సంగతి పాపకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ రాత్రి మెట్లెక్కడానికి తనే ముందు బయలుదేరింది.

నల్లమల గారూ, అక్కడ రోజువారీగా ఏమేం చేయొచ్చో కాస్త వివరంగా చెబుతారా? అత్తయ్య ఎంతవరకు రాగలరు?

నల్లమల_నడక

తప్పకుండా. ఆ లోయలో నాకు బాగా ఇష్టమైన నడకలు చెబుతాను. అందులోంచి మీ ఓపికను బట్టి ఏరుకోండి.

చేరిన మర్నాడు ఎక్కడికీ పోవద్దు. జీభీ చుట్టుపక్కల దేవదారు చెట్ల మధ్య తిరగండి, చిన్న జలపాతం ఉంది, అక్కడిదాకా అత్తయ్య గారు కూడా హాయిగా వస్తారు. ఊళ్లో కర్రతో, రాతితో కట్టిన పాత ఇళ్లు చూపించండి. ఆ కట్టుబడిని కాఠ్‌కుణీ అంటారు. దేవదారు దూలం ఒక వరుస, రాయి ఒక వరుస, మధ్యలో సున్నం లేదు, సిమెంటు లేదు. భూకంపానికి కదిలి మళ్లీ సర్దుకుంటుంది. దీని గొప్పతనం చూడాలంటే రెండో రోజు బంజార్ దగ్గర చైనీ కోఠీకి వెళ్లండి. కొండ మీద నిలువునా లేచిన బురుజు అది. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు పోయినా మిగతాదంతా అలాగే నిలిచింది. కింద శృంగ ఋషి గుడి దాకా కారు వెళ్తుంది, అక్కడి నుంచి ఎక్కుడు దారి. అత్తయ్య గారు గుడి దగ్గర ఆగినా ఆవిడకు నిండుగానే ఉంటుంది.

మూడో రోజు జలోరి. శోజా దాటాక రోడ్డు చాలా నిటారుగా ఉంటుంది, ఆ రోడ్డు అలవాటున్న స్థానిక డ్రైవర్నే పెట్టుకోండి. పైన కనుమ దగ్గర మహాకాళి గుడి, చాయ్ కొట్లు ఉంటాయి. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి సేరోల్‌సర్ సరస్సుకు, ఐదు కిలోమీటర్లు. చాలావరకు సమంగా, చెట్ల నీడలో పోతుంది. అలిపిరి మెట్లెక్కిన మనిషికి ఇది కష్టం కాదు, తీరిగ్గా నడిస్తే అత్తయ్య గారు రాగలరు. రెండోది రఘుపూర్ గఢ్, మూడు కిలోమీటర్లే కానీ నిలువు ఎక్కుడు. పైన పచ్చిక మైదానం, పాత కోట గోడల ఆనవాళ్లు, ఆకాశం తేటగా ఉంటే చుట్టూ మంచు శిఖరాలు. పాపకు అది బాగా నచ్చుతుంది. ఒకే రోజు రెండూ పెట్టుకోకండి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి, ఇంట్లో అందరి ముందూ చెప్పి పెట్టండి. పొద్దున ఏడింటికి నడక మొదలు. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. సరస్సు వంద అడుగుల దూరంలో కనిపిస్తున్నా సరే. మే నెలలో కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్లు మామూలే.

తర్వాత గుశైనీ వైపు రెండు రోజులు. తీర్థన్ ఏటి పక్కనే హోమ్‌స్టేలు. అక్కడి నుంచి రోల్లా దాకా నేషనల్ పార్క్ దారి, పోను తొమ్మిది, పది కిలోమీటర్లు. మొత్తం నడవక్కర్లేదు, పార్క్ సరిహద్దు దాకా వెళ్లి రావొచ్చు. లోపలికి వెళ్లాలంటే సాయి రోపా అటవీ కార్యాలయంలో అనుమతి తీసుకోవాలి, ఊరి గైడును పెట్టుకోవాలి. గైడుకు ఇచ్చే డబ్బు వృథా అనుకోకండి. ఆ అడవిలో పుట్టి పెరిగిన మనిషి పక్కన నడిస్తే పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడుగుతారో చూడండి. మోనాల్ పక్షి ఎక్కడ తిరుగుతుంది, జూజురాణా ఎందుకు కనిపించదు, ఎలుగుబంటి ఏ చెట్టు గీకింది. జూజురాణా హిమాచల్ రాష్ట్ర పక్షి, మహా సిగ్గరి, కనిపించడం చాలా అరుదు.

దారిలో పిల్లలనే ముందు నడవనివ్వండి. ఒక గంట పాప ముందు, ఒక గంట బాబు ముందు. ముందు నడిచేవాళ్లు ఎప్పుడు ఆగాలో చెప్పాలి, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల కోసం చూసుకోవాలి. వెనక లాక్కుని నడిపిస్తే కిలోమీటరుకే ఏడుస్తారు.

కొండాపూర్_కుర్రాడు

ఏట్లో దిగి ఆడుకోవచ్చా అన్నా? ఫోటోల్లో తీర్థన్ నీళ్లు అద్దంలా ఉన్నాయి. కులులో రాఫ్టింగ్ కూడా ఉంది కదా.

చండీగఢ్_తెలుగోడు

దీనికి నేనే జవాబు చెప్పాలి.

2014 జూన్ 8 సాయంత్రం. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. నిమిషాల్లో మట్టం పెరిగింది. ఇరవై నలుగురు విద్యార్థులు కొట్టుకుపోయారు. మన పిల్లలు. శవాల కోసం వారాల తరబడి వెతికారు. ఆ తల్లిదండ్రులు నది ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన రోజులు ఇక్కడున్న తెలుగువాళ్లం ఎవరం మరిచిపోలేదు.

మీరు మండీ దాటి ఔట్ వెళ్లే దారి ఆ నది పక్కనే. బంజార్ వైపు తిరిగాక వచ్చేది ఆ లార్జీయే. తీర్థన్, సైంజ్ ఏళ్లు బియాస్‌లో కలిసేది అక్కడే.

కాబట్టి ఇది సలహా కాదు, ఇంటి పెద్దగా చెబుతున్నాను. బియాస్‌లో గానీ పార్వతి నదిలో గానీ ఒక్క అడుగు కూడా పెట్టొద్దు. ఎండ కాస్తున్నా, నీళ్లు మోకాలి లోతే ఉన్నా, పక్కన పదిమంది దిగి ఉన్నా సరే. డ్యాం పైన ఎక్కడో ఉంటుంది, మనకు కనిపించదు. నది హోరులో సైరన్ వినపడకపోవచ్చు. తీర్థన్ ఏరు చిన్నది, కానీ అది కూడా మంచు కరిగిన నీరు, ఒరవడి ఎక్కువ, రాళ్లకు పాచి. గుశైనీలో హోమ్‌స్టే వాళ్లు ఇక్కడ పర్వాలేదు అని చూపించిన మడుగు దగ్గర, ఒడ్డున కూర్చుని కాళ్లు ముంచుకోవడం వరకే. బాబు చెయ్యి మీ చేతిలో ఉండాలి.

రాఫ్టింగ్ సంగతి. కులు దగ్గర పిర్డీ నుంచి ఝీరీ దాకా పద్నాలుగు కిలోమీటర్ల మేర నడుపుతారు. దానికి వయసు పరిమితి ఉంది, మీ బాబును ఎక్కించకూడదు. ఎక్కిస్తాం రండి అని ఎవరైనా పిలిస్తే ఆ మనిషి దగ్గర పెద్దవాళ్లు కూడా ఎక్కొద్దు.

ఓరుగల్లు_టీచర్

ఈ ఒక్క పోస్టు చదవడానికైనా ఎవరైనా ఇక్కడికి రావాలి. మా బడి విహారయాత్రల బృందంలో పంచుకుంటున్నాను.

మియాపూర్_అమ్మ

చండీగఢ్ అన్నయ్య గారూ, చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వారికి, పిల్లలకు చదివి వినిపించాను. నది విషయంలో మా ఇంట్లో ఇక మాట లేదు.

మంచు సంగతి ఒక్కటి మిగిలింది.

చండీగఢ్_తెలుగోడు

దానికి చివరి మూడు రోజులు ఉంచుకోండమ్మా. తీర్థన్ నుంచి నగ్గర్ రండి. మనాలికి ముందే, బియాస్ ఎడమ గట్టు మీద ఉంటుంది. మనాలిలో దిగడం కన్నా నగ్గర్‌లో దిగడం ప్రశాంతం. అక్కడి నుంచి ఒక రోజు అటల్ సొరంగం మీదుగా అవతలి లాహౌల్ లోయకు వెళ్లొచ్చు. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబరులో ప్రారంభించారు. ఇటు పచ్చటి దేవదారు అడవి, అటు దాటగానే చెట్టు లేని కొండలు, పిల్లలు నోరు తెరుస్తారు. అక్కడి ఊళ్లు సిస్సూ, కోక్సర్ 3100 మీటర్ల ప్రాంతం, మే మొదట్లో కోక్సర్ పైన ఎక్కడో ఒకచోట మంచు దొరుకుతుంది.

రోహ్‌తంగ్ 3978 మీటర్లు. ఆన్‌లైన్ పర్మిట్ కావాలి, రోజుకు ఇన్నే బళ్లని లెక్క ఉంది, మంగళవారం మూసేస్తారు. మే మొదట్లో దారి తెరిచి ఉంటుందన్న భరోసా కూడా లేదు. అత్తయ్య గారిని అక్కడికి తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. ఎనిమిది రోజులు కొండల్లో తిరిగి వచ్చిన పిల్లలకు కోక్సర్ మంచు చాలు.

పిల్లల_డాక్టర్_గుంటూరు

అన్నగారి మాటే నా మాట. కోక్సర్ దాకా వెళ్లి మధ్యాహ్నానికల్లా వెనక్కి రండి. మంచులో చేతులు తడిసిన పిల్లలకు వెంటనే మార్చడానికి పొడి చేతి తొడుగులు, మేజోళ్లు ఒక జత అదనంగా పెట్టుకోండి.

వాల్తేరు_వాసి

నగ్గర్ వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. రష్యా చిత్రకారుడు నికోలస్ రోరిక్ 1928 నుంచి 1947లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన ఇల్లు ఇప్పుడు చిత్రశాల. హిమాలయాలను ఆయన వేసిన నీలాలు, ఊదాలు చూసి బయటికొచ్చి ఎదురుగా ఉన్న కొండలను చూడాలి. ఆయన కోడలు దేవికా రాణి, తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నటి, పుట్టింది మా వాల్తేరులో. పాపకు బొమ్మలు వేసే అలవాటుంటే రంగుల డబ్బా తీసుకెళ్లమనండి.

సిద్ధిపేట_సైకిల్

అక్కా, ఒక్క విన్నపం. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి సంచిలో ఒక చెత్త కవరు పెట్టండి. చిప్స్ ప్యాకెట్లు, తడి తుడుపు కాగితాలు, నీళ్ల సీసాలు అన్నీ మళ్లీ కిందికి తేవాలి. పైన చెత్తబండి రాదు. నీళ్లకు స్టీలు సీసాలు తీసుకెళ్లి హోమ్‌స్టేలో కాచిన నీళ్లు నింపుకోండి.

డబ్బులు కూడా చేతిలో ఉంచుకోండి. బంజార్ దాటాక ఏటీఎం మీద, ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు.

మియాపూర్_అమ్మ

అందరూ చెప్పినవి కూర్చి మావారు, నేను ఇలా అనుకున్నాం. మే మొదటి సోమవారం విమానంలో చండీగఢ్, ఆ రాత్రి అక్కడే. మంగళవారం జీభీ, శుక్రవారం ఉదయం దాకా మకాం. మొదటి రెండు పూటలు ఊళ్లో, చైనీ కోఠీ దగ్గర. జలోరి గురువారం, సరస్సు వైపు మాత్రమే, రఘుపూర్ వదిలేస్తున్నాం. శుక్రవారం గుశైనీ, అక్కడ శని, ఆదివారాలు నడకలే, కారు ముట్టుకోం. సోమవారం నగ్గర్. మంగళవారం కోక్సర్, బుధవారం రోరిక్ చిత్రశాల, విశ్రాంతి. గురువారం చండీగఢ్ తిరుగు ప్రయాణం, శుక్రవారం ఇల్లు. అనుకున్నదానికంటే రెండు రోజులు ఎక్కువైంది, మావారు సెలవు పెంచుకుంటామన్నారు.

అత్తయ్యకు ప్లాను చదివి వినిపిస్తే, సరస్సు దగ్గర గుడి ఉందా, ఉంటే అమ్మవారికి ఏం పట్టుకెళ్లాలి అని అడుగుతున్నారు.

నల్లమల_నడక

ప్లాను చాలా బాగుంది. ఒక్క మార్పు. గురువారం వాన పడితే జలోరిని శుక్రవారానికి జరుపుకునే వీలుండాలి, గుశైనీ హోమ్‌స్టే వాళ్లకు ఆ మాట ముందే చెప్పి పెట్టండి.

సేరోల్‌సర్ ఒడ్డున గుడి ఉంది. బూఢీ నాగిన్ అమ్మవారు. ఆవిడకు నెయ్యి సమర్పిస్తారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇంట్లో ఆవు ఈనితే ఆ నెయ్యి తెచ్చి అమ్మవారికి ఇచ్చుకుంటారు. సరస్సులో ఆకు పడితే ఒక చిన్న పిట్ట వచ్చి ముక్కున కరచుకుని తీసేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. పిల్లలను కాసేపు కూర్చుని చూడమనండి. నెయ్యి బంజార్ బజారులోనే కొనుక్కోండి, పైన కొట్లలో చాయ్, మ్యాగీ తప్ప ఏమీ ఉండవు.

మియాపూర్_అమ్మ

బంజార్‌లో ఎందుకండీ, అత్తయ్య అప్పుడే వెన్న తీయడం మొదలుపెట్టారు. పచ్చడి సీసా పక్కనే చెక్-ఇన్ లగేజీలో పెడతాను.